దుమ్ము దాచిన వెలుగు

చిన్నప్పుడు అన్నయ్య పుస్తకం పట్టుకుంటే నా చేతికి చీపురొచ్చేది. అందుకేనేమో, కెరొలిన్ హెర్షెల్ గురించి చదువుతుంటే ఎవరో దగ్గరివాళ్ల సంగతిలా అనిపించింది.

ఆమె 1750లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టింది. పదేళ్లప్పుడు టైఫస్ జ్వరం వచ్చి ఎదుగుదల ఆగిపోయింది. ఎత్తు నాలుగడుగుల పై చిల్లరే! ఇక పెళ్లి కాదని తేల్చేసి, ఇంటిచాకిరీకి ఉంచుకుంది తల్లి. 1772లో అన్న విలియం ఇంగ్లండ్ తీసుకెళ్తానన్నాడు. పనిమనిషికయ్యే ఖర్చు తనిస్తానన్నాకే తల్లి వదిలింది. చూశారా!

అక్కడ అన్న టెలిస్కోపు అద్దాలు నునుపు పెడుతుంటే నోటికి ముద్ద అందించింది. చలి రాత్రుల్లో మేలుకుని ఆయన చెప్పినవన్నీ రాసింది. ఎక్కాలు నోటికి రాకపోతే కాగితం దగ్గర పెట్టుకుని మరీ లెక్కలు కట్టింది. 1786 ఆగస్టు 1న తనే ఓ తోకచుక్కని కనిపెట్టింది. 1797 నాటికి అవి ఎనిమిదయ్యాయి. 1787 నుంచి రాజుగారు ఏడాదికి 50 పౌన్ల జీతం ఇచ్చారు. 1828లో లండన్ ఖగోళ సంఘం బంగారు పతకం ఇచ్చింది.

1800లో విలియం, సూర్యకాంతిని రంగులుగా విడదీసి థర్మామీటర్లు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికేమీ కనపడని చోట కూడా వేడి ఉంది! అదే పరారుణ కాంతి. వృశ్చికరాశిలో చుక్కల్లేని నల్లటి చోటొకటి కూడా ఆయన చూశాడు. కెరొలిన్ దాన్ని మరిచిపోలేదు. 1833లో, 83 ఏళ్ల వయసులో, దక్షిణాఫ్రికా వెళ్లబోతున్న మేనల్లుడు జాన్‌కి దాన్ని చూడమని ఉత్తరం రాసింది. అది ఖాళీ కాదనీ, దుమ్ము మేఘం అడ్డుందనీ తర్వాతెప్పుడో తెలిసింది.

క్వాసార్ల సంగతీ ఇలాంటిదే. దూరపు గెలాక్సీ నడుమ పెద్ద కృష్ణబిలం వాయువుని మింగుతుంటే పుట్టే వెలుగే క్వాసార్. మామూలుగా నీలంగా ఉంటుంది కనుక నీలం చుక్కల్నే వెతికేవారు. చుట్టూ దుమ్ముంటే నీలం కాంతి ఆగిపోయి, సాయంకాలపు సూర్యుడిలా ఎర్రబడుతుంది. అలాంటివి లెక్కలోకి రాలేదు. 1997 నుంచి 2001 దాకా టూమాస్ సర్వే, అరిజోనా, చిలీల నుంచి ఆకాశమంతా సమీప పరారుణ కాంతిలో గాలించింది. ఆ జాబితాని రేడియో సర్వేతో పోల్చి చూస్తే, దుమ్ము చాటు క్వాసార్లు బయటపడ్డాయి. విలియం పట్టుకున్న కనపడని కాంతే వాటిని చూపించింది.

1848లో, 97 ఏళ్లకి కెరొలిన్ కన్నుమూసింది. ఆమెను హానోవర్ వంటింట్లోనే ఉంచేసి ఉంటే? ఆ ఆలోచనొస్తే గుండె గుభేలుమంటుంది. అందుకే మా అమ్మాయి చదువుకుంటుంటే ఇల్లు నేనే ఊడుస్తాను. వాళ్ల తమ్ముడి చేతికీ ఓ చీపురిచ్చానండోయ్!