విద్యాక్షేత్ర కృషీవలుడు – కట్టమంచి

ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి ముందు నిలిచే మొదటి ప్రశ్న, తరువాత ఏ శాస్త్రాన్ని, ఏ కళాశాలలో చదవాలన్నది. నేడు జంగారెడ్డిగూడెంలో చదివే విద్యార్థి అర్థశాస్త్రం అభ్యసించదలిస్తే ఏలూరుకో, రాజమహేంద్రవరానికో, విశాఖపట్టణానికో వెళ్లవచ్చు. నూట పాతికేళ్ల క్రితం ఈ సౌలభ్యం లేదు. తెలుగుదేశంలో కళాశాలలు వేళ్ల మీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉండేవి. రాజమహేంద్రవరం, కాకినాడ, మచిలీపట్నం, గుంటూరు, విజయనగరం పట్టణాల్లో ఉన్న కళాశాలలన్నీ 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచేవి. ఉన్నత విద్యకు, పరీక్షాధికారానికి, పట్టాకు మద్రాసే దిక్కు. 1900లో గోదావరిపై రైలు వంతెన సిద్ధమయ్యే వరకు, ఉత్తర తీరం వారు ఆ నదిని పడవలో దాటి ప్రయాణం కొనసాగించవలసి వచ్చేది. ఈ పరిస్థితిని మార్చడానికి జీవితంలో అధిక భాగాన్ని వెచ్చించిన విద్యావేత్త డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి.

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న చిత్తూరు సమీపంలోని కట్టమంచి గ్రామంలో జన్మించారు. తల్లి నారాయణమ్మ, తండ్రి సుబ్రహ్మణ్యం రెడ్డి. చిత్తూరులో పాఠశాల విద్య పూర్తి చేసుకొని, పై చదువుకు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. విలియం మిల్లర్ అధ్యక్షతలో ఆ కళాశాల దక్షిణ దేశమంతటా కీర్తి గడించిన కాలమది. అక్కడ ఆంగ్ల సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం ఆయన మేధకు పదును పెట్టాయి. మాతృభాషపై మక్కువ కూడా అక్కడే వికసించింది. తెలుగు పండితులు సమర్థి రంగయ్య సెట్టి ప్రోత్సాహంతో నడిచిన ఆంధ్రభాషాభిరంజనీ సమాజం కావ్యరచనలో పోటీ ఏర్పాటు చేయగా, 1899లో రెడ్డి ‘ముసలమ్మ మరణము’ రచించి బహుమానం పొందారు. అనంతపురం ప్రాంతంలోని బుక్కరాయ సముద్రం చెరువుకు గండి పడినపుడు, ఊరిని కాపాడడం కోసం ప్రాణత్యాగం చేసిన ఒక సామాన్య కాపు కోడలి కథ అది. రాజులను, దేవతలను విడిచి, చెరువు నీటిపై ఆధారపడిన పల్లె బ్రతుకును కావ్యవస్తువుగా గ్రహించడం ఆ వయస్సులో ఆయన చూపిన నూతన దృష్టి.

పట్టభద్రులైన పిదప ప్రభుత్వ ఉపకార వేతనం లభించడంతో 1902లో ఇంగ్లండు వెళ్లి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాలలో ప్రవేశించారు. అర్థశాస్త్ర చరిత్రలో ఆ కళాశాలకు విశిష్ట స్థానముంది. నవీన అర్థశాస్త్రానికి రూపురేఖలు దిద్దిన ఆల్ఫ్రెడ్ మార్షల్ ఆ కళాశాలకు చెందినవారే. అంతవరకు చరిత్రకు, నీతిశాస్త్రానికి అంగంగా బోధింపబడుతూ వచ్చిన అర్థశాస్త్రానికి స్వతంత్ర పరీక్షా ప్రణాళిక ఉండాలని మార్షల్ దీర్ఘకాలం పోరాడారు. 1903లో ఆ ప్రయత్నం సఫలమైంది. అప్పటికి రెడ్డి కేంబ్రిడ్జిలోనే విద్యార్థిగా ఉన్నారు. ఆయన ప్రధానంగా అభ్యసించినది చరిత్ర. అయినా ఒక శాస్త్రం కొత్తగా తన కాళ్లపై తాను నిలబడుతున్న వాతావరణంలో ఆయన విద్యాభ్యాసం సాగింది. చర్చలలో ఆరితేరి, కేంబ్రిడ్జి యూనియన్ సంఘానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఒక భారతీయునికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత, బరోడా సంస్థానాధిపతి శాయాజీరావు గైక్వాడ్ ఆదరణలో బరోడా కళాశాలలో కొంతకాలం పనిచేశారు. అరవింద ఘోష్ విడిచి వెళ్లిన ఉపాధ్యక్ష పదవి ఆయనకు లభించింది. అనంతరం మైసూరు చేరి, మహారాజా కళాశాలలో ఆచార్యులుగా, ఆ పిమ్మట అధ్యక్షులుగా, చివరకు సంస్థాన విద్యాశాఖకు ఉన్నతాధికారిగా సేవ చేశారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు ఆ కృషిలో ఆయనకు ముఖ్యమైన భాగముంది. ఒక సంస్థానం తన ప్రజల కోసం సొంత విశ్వవిద్యాలయాన్ని ఎలా నిర్మించుకోగలదో ఆయన దగ్గరగా పరిశీలించారు. ఈ అనుభవమే తరువాత ఆంధ్రులకు అక్కరకు వచ్చింది.

మైసూరులో ఉన్న కాలంలోనే ఆయన తెలుగు సాహిత్యానికి రెండు విలువైన గ్రంథాలను సమర్పించారు. వాటిలో ‘కవిత్వతత్త్వ విచారము’ తెలుగులో నూతన విమర్శకు బాటవేసింది. రెండవది అర్థశాస్త్రానికి సంబంధించినది. ఆ రోజుల్లో అర్థశాస్త్రం ఆంగ్లం నేర్చిన కొద్దిమందికి మాత్రమే అందే విద్య. పన్ను కట్టేది, అప్పు చేసేది, పంట అమ్ముకొనేది తెలుగు రైతు. ఆ పన్నును, అప్పును, ధరను వివరించే శాస్త్రం మాత్రం అతనికి తెలియని భాషలో ఉండేది. ఈ కొరతను గుర్తించి రెడ్డి భారతదేశ పరిస్థితులకు అన్వయిస్తూ తెలుగులో అర్థశాస్త్ర గ్రంథాన్ని రచించారు. శాస్త్ర విషయాలను తెలుగులో చెప్పడానికి తగిన పదజాలమే సరిగా ఏర్పడని కాలంలో ఇది సాహసోపేతమైన పని. కళాశాల మెట్లు ఎక్కలేని వానికి సైతం శాస్త్రం అందాలన్న ఆశయం ఆ గ్రంథరచనలో కనిపిస్తుంది.

1921లో మైసూరు ఉద్యోగాన్ని విడిచిపెట్టి రెడ్డి రాజకీయాల్లో ప్రవేశించారు. మద్రాసు శాసనమండలి సభ్యులై తమ వాగ్ధాటితో మిత్రులను, ప్రత్యర్థులను కూడ మెప్పించారు. తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న ఆందోళన అప్పటికే బలపడింది. 1926లో శాసనం రూపొంది, బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అవతరించింది. దానికి తొలి ఉపాధ్యక్షులుగా రామలింగారెడ్డి నియుక్తులయ్యారు.

విశ్వవిద్యాలయం పుట్టింది గాని, దానికి స్థిరమైన చోటు లేదు. బెజవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్టణం, అనంతపురం ఇలా ప్రతి ప్రాంతం వారు తమ పట్టణమే తగినదని వాదించారు. కేంద్రం ఎక్కడ ఉంటే అక్కడి పిల్లలకు చదువు చేరువవుతుంది; దూరమైన వారికి అది మళ్లీ మద్రాసు వంటిదే. కనుక ఈ వాదాలను కేవలం స్వార్థమని కొట్టివేయడానికి వీలులేదు. చివరకు వాల్తేరు కేంద్రంగా నిర్ణయమైంది. రాయలసీమ కళాశాలలు మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోకి తిరిగి వెళ్లిపోయాయి. తాను పుట్టిన సీమకు తాను పెంచిన విశ్వవిద్యాలయం దూరం కావడం రెడ్డి జీవితంలోని ఒక విషాదం. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసే వరకు ఆ లోటు తీరలేదు.

1930లో కార్యాలయం వాల్తేరుకు తరలివచ్చింది. సముద్రతీరపు కొండనేలపై భవనాలు లేవవలసిన తరుణమది. సరిగా ఆ సంవత్సరమే దేశంలో ఉప్పు సత్యాగ్రహం చెలరేగింది. నిరాయుధులైన సత్యాగ్రహులపై ప్రభుత్వం లాఠీలు ఝళిపించింది. ఆ ప్రభుత్వం క్రింద పదవిలో కొనసాగడమా, నాటిన మొక్కను విడిచి వెళ్లడమా అన్న ధర్మసంకటం రెడ్డికి ఎదురైంది. ఆయన కాంగ్రెసువాది కారు. సత్యాగ్రహంలో పాల్గొన్నవారూ కారు. మౌనంగా ఉండిపోయినా అడిగేవారు లేరు. అయినప్పటికీ అణచివేత విధానానికి నిరసనగా ఆయన ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. విశ్వవిద్యాలయం యువకులకు పట్టాలతోపాటు నిర్భయత్వాన్ని కూడా నేర్పాలని విశ్వసించిన వ్యక్తికి వేరు మార్గం తోచలేదు.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ బాధ్యత స్వీకరించి విశ్వవిద్యాలయాన్ని సమర్థంగా తీర్చిదిద్దారు. 1936లో ఆయన వెళ్లిన పిదప రెడ్డి తిరిగి ఉపాధ్యక్షులై 1949 వరకు, అంటే పదమూడేళ్లపాటు, ఆ పదవిని నిర్వహించారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున అందించిన విరాళం విశ్వవిద్యాలయానికి ఊపిరి పోసింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో విశాఖపట్టణంపై జపాను విమానాలు బాంబులు వేసినపుడు, విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. చదువు ఆగిపోకుండా చూడడం, యుద్ధానంతరం తిరిగి వాల్తేరులో నిలదొక్కుకొనేటట్లు చేయడం ఆయన కార్యదక్షతకు నిదర్శనాలు. 1942లో బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు ‘సర్’ బిరుదు ఇచ్చింది.

రామలింగారెడ్డి వివాహం చేసుకోలేదు. విద్యాసంస్థలే ఆయన సంసారం. వాల్తేరు విడిచిన తరువాత మైసూరు విశ్వవిద్యాలయంలో గౌరవ పదవిని అలంకరించి, 1951 ఫిబ్రవరి 24న పరమపదించారు.

ఆయన జీవించి ఉండగానే, 1945లో, ఏలూరులో ఆయన పేరిట సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల వెలిసింది. డెల్టా పల్లెల నుండి, జంగారెడ్డిగూడెం వంటి మెట్ట ప్రాంతాల నుండి ఎందరో బిడ్డలు ఇల్లు విడిచి దూరదేశం పోకుండానే అక్కడ పట్టభద్రులైనారు. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడడంతో గోదావరి జిల్లాల విద్యార్థులకు ఉన్నత విద్య మరింత చేరువైంది. చిత్తూరు నుండి మద్రాసుకు, మద్రాసు నుండి కేంబ్రిడ్జికి చదువును వెదుక్కుంటూ వెళ్లిన ఒక విద్యార్థి, ఆ చదువును తనవారి ముంగిటికి తెచ్చి నిలపడానికి శ్రమించారు. నేటి విద్యార్థి తనకు నచ్చిన కళాశాలను ఎన్నుకోగల స్వేచ్ఛలో ఆ శ్రమకు కూడా భాగముంది.