ప్లీడరు దొరకని రోజున: బ్రామ్ ఫిషర్

లా చదివే మనకి క్లాసులో సెక్షన్లు చెబుతారు, కేసులు చెబుతారు. కానీ ప్రభుత్వమే పగబట్టిన మనిషికి సొంత ఊళ్ళో ప్లీడరు ఎలా దొరుకుతాడన్నది ఏ సిలబస్‌లోనూ లేదు. నాకు జవాబు కనిపించింది దక్షిణాఫ్రికా న్యాయవాది బ్రామ్ ఫిషర్ జీవితంలో.

ఫిషర్ 1908లో బ్లూమ్‌ఫాంటెయిన్‌లో పేరుమోసిన ఆఫ్రికానర్ కుటుంబంలో పుట్టారు. తాతగారు ఆరెంజ్ రివర్ కాలనీకి ప్రధానమంత్రి, తండ్రి జడ్జి. తనూ రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చారు. తన ప్రాక్టీసు తాను చూసుకుంటే పదవులు ఇంటికే నడిచొచ్చేవి. ఆయన మాత్రం కమ్యూనిస్టు పార్టీలో చేరి, నల్లవారి పక్షాన నిలబడ్డారు.

1963 జూలైలో రివోనియా అరెస్టులు జరిగాయి. అప్పటికే జైల్లో ఉన్న మండేలాతో సహా అందరిమీదా మోపింది ఉరిశిక్ష పడగల నేరం. వాళ్ళ తరఫువాళ్ళు ఎక్కే మెట్టు దిగే మెట్టుగా తిరిగినా కొందరు వకీళ్ళు ముఖం చాటేశారు. చివరికి ఆస్ట్రేలియా ప్రయాణానికి సిద్ధమవుతున్న జోయెల్ జోఫ్ సరేనన్నారు. కోర్టులో వాదించే బృందానికి ఫిషర్ నాయకత్వం వహించారు. అందులో ప్రమాదం ఎంతటిదో ఆలోచించండి! రివోనియా తోటలో జరిగిన రహస్య సమావేశాలకి ఆయనా వెళ్ళినవారే. తోట పనివాళ్ళు సాక్ష్యం చెప్పే రోజుల్లో, గుర్తుపడతారని కోర్టుకే రాలేదు.

1964 జూన్ 12న ఎనిమిదిమందికి యావజ్జీవం పడింది, ఉరి తప్పింది. మర్నాడే కారు ప్రమాదంలో ఆయన భార్య మాలీ చనిపోయింది. కొద్ది రోజులకే అప్పీలు సంగతి మాట్లాడటానికి రాబెన్ దీవికి వెళ్ళి, ఆ దుఃఖం మండేలాకి చెప్పకుండానే తిరిగొచ్చారు.

తర్వాత ఆయన వంతు. అరెస్టయ్యాక, బెయిలు మీద లండన్ వెళ్ళి ఒక కేసు వాదించారు. అక్కడే ఉండిపోగలిగి కూడా మాట ప్రకారం తిరిగొచ్చారు. కానీ 1965 జనవరిలో, విచారణ మధ్యలో, అజ్ఞాతంలోకి వెళ్ళిపోయారు. బార్ దరఖాస్తు పెట్టింది, కోర్టు ఆయన పేరు జాబితాలోంచి కొట్టేసింది. బెయిలు తప్పడం న్యాయవాదికి తగునా? తేల్చి చెప్పడం నాకూ కష్టమే. అయితే దేశంలో అత్యధికులకు ఓటే ఇవ్వకుండా, వాళ్ళ నెత్తినే రుద్దిన చట్టాలవి. వాటికి తలవంచడం వృత్తిధర్మమని ఆయన అనుకోలేకపోయారు.

నవంబరులో పట్టుబడ్డారు. 1966లో యావజ్జీవ శిక్ష. జైల్లో కాన్సర్ వచ్చింది. 1975 మే 8న సోదరుడి ఇంట్లో కన్నుమూస్తే, చితాభస్మాన్ని కూడా జైలు శాఖే పట్టుకుపోయింది. 2003లో ఆయన పేరు తిరిగి న్యాయవాదుల జాబితాకెక్కింది.

మిత్రులారా, రేపు మనమూ నల్లకోటు తొడుక్కుంటాం. ఏ దిక్కూ లేనివాడు మన మెట్లెక్కి వచ్చినప్పుడు, ఊళ్ళో లేమని చెప్పించకుండా ఉంటే చాలు, ఆ కోటుకి అర్థం ఉన్నట్టే.