మంటల వరకు తోడు నడిచిన గురువు
ఫాదర్ ఫ్రెడరిక్ ష్పే (1591 – 1635)

మన పల్లెల్లో పసిబిడ్డకు జ్వరం తగ్గకపోయినా, పాడిగేదె ఉన్నట్టుండి పాలివ్వడం మానేసినా, ఒకే ఇంట్లో వరుసగా ఇద్దరు కన్నుమూసినా అరుగుల మీద ఒక మాట పుడుతుంది. ఒకచోట దానిని చేతబడి అంటారు, మరొకచోట చిల్లంగి అంటారు, తెలంగాణ పల్లెల్లో బాణామతి అంటారు. ఆ మాట ఊరికే ఉండదు, ఎవరో ఒకరి పేరు వెతుక్కుంటుంది. ఆ పేరు ఒంటరిగా బ్రతికే వితంతువుది కావచ్చు, ఆకుపసరు ఇచ్చే ముసలాయనది కావచ్చు, గట్టు తగాదా ఉన్న పొరుగువాడిది కావచ్చు. పేరు బయటపడిన తర్వాత పళ్ళు ఊడగొట్టిన ఘటనలు, చెట్టుకు కట్టి కొట్టిన ఘటనలు, ప్రాణాలే తీసిన ఘటనలు మనం పత్రికల్లో చదివాము.

ఇది మన దేశానికి మాత్రమే పట్టిన జాడ్యం కాదు. సుమారు నాలుగు వందల ఏళ్ళ క్రితం క్రైస్తవ ఐరోపా కూడా ఇదే భయంతో వణికింది. ఆ రోజులలో మంత్రగత్తెలని ముద్రపడిన వారికి చివరి పాపసంకీర్తనం వినడానికి వెళ్ళి, వారి నిర్దోషిత్వాన్ని తెలుసుకుని, లోకానికి చెప్పిన ఒక యేసుసభ గురువు జీవితాన్ని ఈ వారం స్మరించుకుందాము.

ఫ్రెడరిక్ ష్పే 1591 ఫిబ్రవరి 25న జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కైజర్స్‌వెర్త్ పట్టణంలో జన్మించారు. తండ్రి కొలోన్ అగ్రపీఠాధిపతి పాలనలో కోట అధికారిగా పనిచేసేవారు. ఫ్రెడరిక్ కొలోన్‌లో యేసుసభ గురువుల వద్ద చదువుకుని, 1610లో ట్రియర్ పట్టణంలో ఆ సభలోనే చేరారు. చదువులో దిట్ట, పాటలు కట్టడంలో అంతకన్నా దిట్ట. ఆయన రచించిన ఆగమనకాల గీతాలు, క్రిస్మస్ గీతాలు నేటికీ జర్మన్ దేవాలయాలలో పాడుకుంటున్నారు.

మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. 1617లో ఈ యువకుడు రోములోని యేసుసభ జనరల్‌కు లేఖ రాసి, తనను భారతదేశానికి వేదప్రచారకునిగా పంపమని వేడుకున్నారు. పునీత ఫ్రాన్సిస్ జేవియర్ నడిచిన నేలపై సేవ చేయాలని ఆనాడు ఎందరో యువగురువులు కలలు కనేవారు. కాని పెద్దలు అనుమతించలేదు. జర్మనీలోనే చేయవలసిన పని ఎంతో ఉందన్నారు. ఆ పని ఎటువంటిదో అప్పటికి ఆయనకు తెలియదు. 1622లో మైంజ్ నగరంలో గురుపట్టం పొంది, పాదర్బోర్న్‌లో, కొలోన్‌లో ఆచార్యునిగా బోధించారు.

అవి భయంకరమైన రోజులు. 1618లో మొదలైన ముప్పై ఏళ్ళ యుద్ధం జర్మన్ భూములను నుసి చేస్తోంది. కరువు, తెగుళ్ళు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. 1626 మే నెలాఖరులో ఫ్రాంకోనియా ప్రాంతంలో అకాలంగా మంచు కురిసి ద్రాక్షతోటలు, పైరులు మాడిపోయాయి. వేసవి ముంగిట ఇంతటి మంచు దైవికంగా పడిందంటే జనం నమ్మలేదు. మంత్రగత్తెలే కురిపించారన్నారు. వుర్జ్‌బుర్గ్, బామ్‌బెర్గ్ సంస్థానాలలో విచారణలు ఉద్ధృతమయ్యాయి. వందల మందిని చంపారు. బామ్‌బెర్గ్‌లో నగర పెద్దగా ఉన్న యోహన్నెస్ యూనియస్ కూడా 1628లో ఆ మంటలకే బలయ్యాడు. విచారించమని ఆజ్ఞాపించిన సంస్థానాధీశులు పీఠాధిపతులే అనే నిజాన్ని మనం దాచుకోకూడదు.

ఆనాటి న్యాయస్థానాల దృష్టిలో మంత్రవిద్య అంటే ఏమిటి? కేవలం తాయెత్తు కట్టడం, సోది చెప్పడం కాదు. సాతానుతో ఒడంబడిక చేసుకోవడం, రాత్రివేళ గాలిలో ఎగిరివెళ్ళి రహస్య సభలలో పాల్గొనడం, పిల్లలకు, పశువులకు, పైర్లకు కీడు చేయడం, ఇవన్నీ కలిసిన నేరం. ఇంతటి నేరానికి సాక్షి ఎవరు ఉంటారు? ఎవరూ ఉండరు. చక్రవర్తి ఐదవ చార్లెస్ 1532లో చేసిన శిక్షాస్మృతి, తగిన ఆధారం లేనిదే ఎవరినీ చిత్రహింస పెట్టరాదని ఆంక్ష పెట్టింది. అయితే ఇది అసాధారణ నేరమనీ, మామూలు నియమాలు దీనికి వర్తించవనీ చాలామంది న్యాయాధికారులు వాదించారు. ఆ నియమాన్ని పక్కన పెట్టగానే తలుపులు తెరుచుకున్నాయి. ఒకామెను హింసించేవారు. ఆమె ఒప్పుకునేది. ఆ రహస్య సభలో ఇంకెవరెవరిని చూశావని అడిగేవారు. ఆమె బాధ తాళలేక తెలిసిన పేర్లు చెప్పేది. మర్నాడు వారి వంతు.

ఈ నిందితుల వద్దకు పాపసంకీర్తనం వినడానికి ఫాదర్ ష్పే వెళ్ళేవారు. అందరు గురువుల వలెనే ఆయన కూడా వీరు నేరస్థులేననే తలంపుతో మొదలుపెట్టి ఉండవచ్చు. కాని ఆయన ఓపికగా విన్నారు. న్యాయాధికారుల ఎదుట ఒప్పుకున్న స్త్రీలు గురువు ఎదుట కన్నీరు కారుస్తూ, హింస భరించలేక అబద్ధం చెప్పామనేవారు. కొందరు గురువుతో సైతం నిజం చెప్పడానికి జంకేవారు. ఆయన వెళ్ళి చెబితే మళ్ళీ చిత్రహింసల గదికి ఈడుస్తారనే భయం. చేయని నేరాన్ని ఒప్పుకుని, అమాయకుల మీద అబద్ధం చెప్పి చనిపోతే తమ ఆత్మలు ఏమవుతాయని వారు తల్లడిల్లేవారు. ఆయన వారిని చితి వరకు నడిపించి, ప్రార్థన చేసి, తిరిగి వచ్చేవారు. ఎంతో పరిశీలించినప్పటికీ ఆ నేరం నిజంగా చేశారని నమ్మదగిన ఒక్కరు కూడా తనకు కనబడలేదని ఆయన తర్వాత ప్రమాణపూర్వకంగా తెలియజేశారు.

1628లో పెద్దలు ఆయనను పైనె అనే ఊరికి పంపారు. ప్రొటెస్టెంటులుగా మారిన ప్రజలను తిరిగి కతోలిక విశ్వాసంలోనికి తేవడం అక్కడ ఆయన పని. అది ఎందరికో కంటగింపు అయింది. 1629 ఏప్రిల్ 29 ఆదివారం నాడు వోల్టోర్ప్ గ్రామానికి ఆరాధన జరపడానికి గుర్రంపై వెళుతుండగా ఒకడు దారికాచి దాడి చేశాడు. తలకు తీవ్రమైన గాయాలు తగిలాయి. కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆ పిమ్మట పాదర్బోర్న్‌లో నైతిక వేదశాస్త్రం బోధించడం మొదలుపెట్టారు. అక్కడ కూడా ఆయన అభిప్రాయాలు కొందరు తోటి గురువులకు నచ్చలేదు. 1631 ఆరంభంలో ఆ పదవి నుండి తొలగించారు.

అదే సంవత్సరం రింటెల్న్ అనే పట్టణంలో లాటిన్ భాషలో ఒక పుస్తకం వెలువడింది. దాని పేరు కావుసియో క్రిమినాలిస్. నేర విచారణలో జాగ్రత్త అని మనం అర్థం చెప్పుకోవచ్చు. రచయిత పేరు లేదు. ఒక రోమను వేదశాస్త్రి అని మాత్రమే ఉంది. యేసుసభ అనుమతి లేకుండా, ప్రొటెస్టెంటుల పట్టణంలో అచ్చయిన ఆ పుస్తకం ఫాదర్ ష్పేదేనని సభలో త్వరలోనే తెలిసిపోయింది.

అందులో 51 ప్రశ్నలు, వాటికి సమాధానాలు ఉన్నాయి. మొదటి ప్రశ్న మంత్రగత్తెలు నిజంగా ఉన్నారా అన్నదే. ఉన్నారనే ఆయన జవాబు చెప్పారు. సాతాను లేడని గాని, కీడు చేయగోరే మనుషులు లేరని గాని ఆయన వాదించలేదు. ఆయన అడిగింది వేరు. ఈమె ఆ నేరం చేసిందని మీకు ఎలా తెలిసింది? ఆధారం ఏది? చివరకు అన్ని దారులూ చిత్రహింస దగ్గరే ఆగుతున్నాయని ఆయన చూపించారు. న్యాయమూర్తులను, మఠవాసులను, పీఠాధిపతులను అదే విధంగా హింసించినా వారు కూడా మంత్రగాళ్ళమని ఒప్పుకుంటారని నిర్భయంగా రాశారు.

నిందితురాలికి తప్పించుకునే దారి ఏ విధంగా మూసుకుపోతుందో ఆయన విడమరచి చెప్పారు. ఆమె చెడ్డగా బ్రతికితే అదే సాక్ష్యం. మంచిగా బ్రతికితే అది నటన. పట్టుబడినప్పుడు భయపడితే అది నేరపు భయం. భయపడకపోతే సాతాను ధైర్యమిస్తున్నాడు. హింసకు లొంగితే నేరం రుజువైంది. లొంగకపోతే సాతాను నోరు కట్టేశాడు. చెరసాలలో చనిపోతే సాతానే మెడ విరిచాడు. కొన్నిచోట్ల విచారణాధికారులకు తలకు ఇంత అని ముట్టేదనీ, పుకారుకు మూలం తరచుగా అసూయ, చాడీలు అనీ, వాటిని ఖండించవలసిన ప్రసంగీకులే జనాన్ని రెచ్చగొడుతున్నారనీ ఆయన రాశారు. ఆ గ్రంథం ముఖ్యంగా పాలకుల కోసం. తమ పేరున ఏమి జరుగుతున్నదో చూడనివారు దేవుని ఎదుట లెక్క చెప్పవలసి వస్తుందని హెచ్చరించారు.

పుస్తకం కలకలం రేపింది. 1632లో రెండవసారి అచ్చయినప్పుడు యేసుసభ జనరల్ ఆయనను సభ నుండి పంపివేయాలని కూడా తలచారు. ప్రొవిన్షియల్ గోస్విన్ నికెల్ ఆయనకు అండగా నిలిచి ట్రియర్‌కు మార్చారు. ఫాదర్ ష్పే ఎవరినీ దూషించక, తన మాటనూ వెనక్కు తీసుకోక, అక్కడ బోధన కొనసాగించారు. 1635 మార్చిలో స్పానిష్ దళాలు ఫ్రెంచివారి చేతిలోని ట్రియర్‌ను పట్టుకున్నాయి. వీధులలో పడివున్న క్షతగాత్రులకు ఆయన సేవ చేశారు. ఓడిపోయిన ఫ్రెంచి ఖైదీల పక్షాన మాట్లాడారు. తర్వాత అంటువ్యాధి వ్యాపించగా రోగుల మధ్య తిరుగుతూ తానూ ఆ వ్యాధికి గురై, ఆగస్టు 7న మరణించారు. అప్పటికి ఆయన వయసు 44 ఏళ్ళే. ఆయనను యేసుసభ దేవాలయం క్రింద సమాధి చేశారు. ఆ సమాధి స్థలం మరుగునపడిపోయి, తిరిగి 1980లో వెలుగుచూసింది.

మంటలు ఆయనతో ఆరిపోలేదు. కాని ఆయన మాట మెల్లగా పనిచేసింది. ఆయనను ఎరిగిన యోహాన్ ఫిలిప్ ఫోన్ షోన్‌బోర్న్ 1642లో వుర్జ్‌బుర్గ్ పీఠాధిపతి, 1647లో మైంజ్ అగ్రపీఠాధిపతి అయ్యి, తన పాలనలో ఆ విచారణలకు అడ్డుకట్ట వేశారు. చిన్న వయసులోనే తల ఎందుకు నెరిసిందని తాను అడిగితే, చితికి తోడు వెళ్ళిన నిర్దోషుల దుఃఖం వల్లనేనని ఫాదర్ ష్పే చెప్పారని ఆయన తత్త్వవేత్త లైబ్నిజ్‌కు తెలిపారు. లైబ్నిజ్ దానిని 1710లో తన గ్రంథంలో పేర్కొన్నారు. 1701లో ఈ విచారణలను ఖండించిన ప్రొటెస్టెంటు న్యాయకోవిదుడు క్రిస్టియన్ థొమాసియస్ కూడా ఫాదర్ ష్పే గ్రంథం నుండే ఎంతో గ్రహించారు.

ఈ చరిత్ర గురించి మనలో కొన్ని అపోహలు ఉన్నాయి. ఇదంతా అజ్ఞానపు మధ్యయుగంలో జరిగిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది తీవ్రమైంది 1560 నుండి 1650 వరకు, విశ్వవిద్యాలయాలు, ముద్రణాలయాలు వెలసిన కాలంలోనే. తొంభై లక్షల మందిని చంపారనే మాట కూడా నిజం కాదు. చరిత్రకారుల లెక్కలో మృతులు సుమారు 40,000 నుండి 60,000 వరకు ఉంటారు. అందరూ స్త్రీలే అనుకోవడం పొరపాటు, ప్రతి నలుగురిలో ఒకరు వరకు పురుషులు. రోములోని విచారణసభే అందరినీ చంపించిందనడం కూడా సరికాదు. తీర్పులలో అత్యధికం స్థానిక లౌకిక న్యాయస్థానాలవి. కతోలికులు, ప్రొటెస్టెంటులు ఇరువురూ ఇందులో దోషులే. స్విట్జర్లాండులోని గ్లారస్‌లో ప్రొటెస్టెంటు అధికారులు 1782లో అన్నా గోల్డి అనే పనిమనిషి తల నరికించారు. 2008లో అదే గ్లారస్ శాసనసభ ఆమె నిర్దోషి అని ప్రకటించింది. 226 ఏళ్ళు పట్టింది.

ప్రియ పాఠకులారా, అన్నిటికన్నా పెద్ద అపోహ మన గుమ్మంలోనే ఉంది. చేతబడి వల్ల కీడు వస్తుందని, చేసినవారిని పట్టుకుంటే కీడు పోతుందని అనుకుంటాము. ఫాదర్ ష్పే చూసిన ఊళ్ళలో కీడు నిందితుల ఇళ్ళ నుండి రాలేదు. పొరుగువారి నోటి నుండి వచ్చింది, అడ్డుచెప్పని పెద్దల మౌనం నుండి వచ్చింది. మన దేశంలో బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, మరికొన్ని రాష్ట్రాలు ఆ తర్వాత ఇటువంటి నిందలకు శిక్ష విధిస్తూ చట్టాలు చేశాయి. చట్టం అవసరమే. అయినా పోలీసులు ఊరికి చేరేలోపే పుకారు పని పూర్తి చేస్తుంది.

బిడ్డకు జ్వరం వస్తే భూతవైద్యుని ఇంటికి కాక ఆసుపత్రికి తీసుకువెళదాం. అరుగు మీద ఎవరిదైనా పేరు వినబడితే, ఎవరు చూశారు, ఎలా తెలిసింది అని అడుగుదాం. ఉపదేశులు, సంఘ పెద్దలు, మహిళా సంఘాల సోదరీమణులు ఆ రోజే ఆ పేరుగల మనిషి ఇంటికి వెళ్ళి, గడపలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, నలుగురూ చూసేలా కాసేపు ఉండి రావాలి. ఊరంతా దూరం పెట్టినవారి దగ్గర కూర్చుని వినడంతోనే ఫాదర్ ష్పే పని మొదలైంది.