పాదరక్షల యంత్రశిల్పి మాట్సెలిగర్

నాగరకత చరిత్ర వ్రాసేవారు కోటలను, కావ్యాలను, సామ్రాజ్యాలను స్మరిస్తారు. కాలికి తొడిగే జోడును స్మరించేవారు అరుదు. ముల్లు గుచ్చుకోకుండా, ఎండ మాడ్చకుండా మన అడుగులను కాపాడే ఆ వస్తువు సామాన్యునికి అందుబాటు ధరలో దొరకడం వెనుక ఎందరి మేధ, ఎందరి కష్టం ఉన్నవో మనం ఆలోచించం. అటువంటివారిలో అగ్రగణ్యుడైన ఒక నల్లజాతి కార్మికుని జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయడమే మా ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన పేరు యాన్ ఎర్నెస్ట్ మాట్సెలిగర్. విశ్వవిద్యాలయంలో చదివినవాడు కాదు. సంపన్న కుటుంబంలో పుట్టినవాడూ కాదు. తోలు కుట్టే యంత్రం ముందు కూర్చొని, దాని నడకను గమనించి, ఆ గమనింపు నుండే ఒక పరిశ్రమ రూపురేఖలను మార్చిన శ్రమజీవి.

దక్షిణ అమెరికా ఖండం ఈశాన్య తీరాన సూరినామ్ అనే చిన్న దేశం ఉన్నది. 1975లో స్వాతంత్ర్యం పొందిన ఆ దేశం అప్పట్లో డచ్చివారి వలస రాజ్యం. దాని ముఖ్యపట్టణమైన పారామరిబోలో 1852 సెప్టెంబరు 15న మాట్సెలిగర్ జన్మించాడు. తండ్రి డచ్చి ఇంజనీరు. తల్లి ఆఫ్రికా సంతతి స్త్రీ. ఆయన పుట్టేనాటికి ఆ దేశంలో బానిసత్వం చట్టబద్ధంగానే సాగుతున్నది. అది రద్దయినది 1863లో. పదేళ్ళ ప్రాయంలోనే ఆ బాలుడు ప్రభుత్వ యంత్రశాలలో పని నేర్చుకోవడానికి చేరాడు. ఆకురాయి పట్టడం, ఇనుమును మలచడం, ఆగిన యంత్రానికి రోగమేమిటో కనిపెట్టడం, ఇవే ఆయన ఓనమాలు.

పందొమ్మిదవ యేట ఆయన వర్తక నౌకలో పనికి కుదిరి స్వదేశాన్ని విడిచాడు. సుమారు రెండేళ్ళు సముద్రంపై గడిపి, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫిలడెల్ఫియా నగరంలో దిగాడు. అక్కడే ఆయనకు పాదరక్షల పనితో పరిచయం కలిగింది. 1877లో ఆయన మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణం చేరుకొన్నాడు. ఆనాడు అమెరికాలో స్త్రీల పాదరక్షల తయారీకి లిన్ పెట్టింది పేరు. ఆంగ్లం సరిగా రాదు. చేతిలో ధనం లేదు. రంగు చూసి ముఖం చాటువేసే సమాజం. ఎట్టకేలకు హార్నీ సోదరుల కర్మాగారంలో ఆయనకు పని దొరికింది. ఆ పని మెకే యంత్రంపై అడుగులు కుట్టడం.

ఆయన కూర్చొన్న యంత్రం ఎటువంటిదో తెలిస్తే గాని ఆయన చేసిన పని విలువ మనకు బోధపడదు. 1846లో ఎలియాస్ హౌ కుట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. 1851లో ఐజాక్ సింగర్ తన యంత్రంతో ముందుకు వచ్చాడు. స్వల్ప కాలంలోనే ఈ యంత్రాలు గుడ్డనే గాక జోడు పైభాగానికి వాడే పలుచని తోలును కూడా కుట్టసాగాయి. అయితే పైతోలును దళసరి అడుగుతో కలిపి కుట్టడం వాటి తరం కాలేదు. గుడ్డకు బల్లవలె చదునైన యంత్రం చాలును. జోడు చదునైన వస్తువు కాదు. అది లోపల బోలుగా, ముందు మూసుకొని ఉంటుంది. దాని లోపలికి కుట్టు చేరేదెట్లా? తానూ పాదరక్షల పనివాడే అయిన లైమన్ బ్లేక్ 1858లో ఈ చిక్కు విప్పాడు. ఆయన యంత్రానికి కొమ్మువంటి ఒక చేయి ఉన్నది. జోడును ఆ కొమ్ముకు తొడుగుతారు. కొక్కెం గల సూది పైనుంచి అడుగును దూసుకొని దిగి, కొమ్ము చివర నుండి మైనం పట్టించిన దారాన్ని అందుకొని పైకి లాగుతుంది. ఆ విధంగా గొలుసు కుట్టు పడుతుంది. ఈ హక్కులు కొని, యంత్రాన్ని మెరుగుపరచి ప్రచారంలోకి తెచ్చినవాడు గోర్డన్ మెకే. అందుచేత అది మెకే యంత్రమని ప్రసిద్ధి కెక్కింది. 1861 నుండి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల బూట్లకు గిరాకీ పెరగడంతో దాని వాడుక వ్యాపించింది.

ఇటువంటి యంత్రాన్ని నడపడమంటే తొక్కుడు పలకపై కాలు వేయడం మాత్రమే కాదు. మైనం చల్లబడి గడ్డకడితే దారం కదలదు. కనుక కొమ్మును వెచ్చగా ఉంచాలి. వేడి మితిమీరితే మైనం కారిపోయి దారం పట్టు తప్పుతుంది. గొలుసు కుట్టులో ఒక కన్ను తెగితే వరుస ఊడిపోయే ప్రమాదం ఉన్నది. మైనం దారాన్ని తోలులో బిగించి ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. సూది మొన మొద్దుబారితే తోలు చినుగుతుంది. రాలిన తోలు పొడి, కారిన మైనం కలసి జిగురై కీళ్ళను పట్టివేస్తాయి. వాటిని తుడిచి, తగిన చోట తగినంత నూనె వేయాలి. ఎక్కువ వేస్తే ఆ నూనె తోలుకే మరకవుతుంది. ఇంతటి ఓపిక గలవానికే ఆ యంత్రం లొంగుతుంది.

నేటికీ తోలుపని యంత్రాన్ని ఎన్నుకొనేవారికి ఇదే సూత్రం వర్తిస్తుంది. గుడ్డలో సూది దిగితే పోగులు ప్రక్కకు తొలగి మళ్ళీ దగ్గరవుతాయి. తోలులో పడిన రంధ్రం శాశ్వతం. కుట్లు మరీ దగ్గరగా వేస్తే తపాలా బిళ్ళ అంచువలె తోలు ఆ గీత వెంబడే తెగిపోతుంది. అందుచేత తోలుకు మొన వద్ద కత్తివాదర గల సూది కావాలి; దారం లావును బట్టి సూది, తోలు దళసరిని బట్టి దారం ఎన్నుకోవాలి. చదునైన పనికి చదును బల్ల గల యంత్రం, సంచివంటి బోలు పనికి గుండ్రని చేయి గల యంత్రం అవసరం. పని స్వరూపం ఎరిగి యంత్రాన్ని ఎన్నుకోవాలే గాని, యంత్రం ఉన్నది గదా అని పనిని దానికి వంచరాదు. మాట్సెలిగర్ జీవితం ఈ సూత్రానికి నిలువెత్తు నిదర్శనమని మా అభిప్రాయం.

కర్మాగారంలో ఆయన ఒక విచిత్రాన్ని గమనించాడు. పైతోలు కుట్టే యంత్రం వేగంగా పోతున్నది. అడుగు కుట్టే యంత్రమూ వేగంగా పోతున్నది. ఆ రెండింటి నడుమ మాత్రం పని ఆగిపోతున్నది. అక్కడ ఉన్నది అచ్చు పని. పాదం ఆకారంలో చెక్కిన కొయ్య అచ్చును ఉర్దూలో కల్బూత్ అంటారు. కుట్టిన పైతోలును ఆ అచ్చుపై పరచి, పటకారుతో అంచులు క్రిందికి లాగి, వ్రేళ్ళ వద్ద, మడమ వద్ద సన్నని మడతలు వేసి, లోపలి అడుగుకు చిన్న మేకులతో బిగించాలి. జోడు కాలికి అమరడం, అమరకపోవడం ఈ పనిమీదనే ఆధారపడి ఉంటుంది. ఒకే చర్మంలో వీపు భాగం గట్టిగా, పొట్ట భాగం సాగేదిగా ఉంటుంది; ఎంత లాగాలో చేతికే తెలియాలి. నిపుణుడైన పనివాడు పది గంటలు శ్రమిస్తే సుమారు 50 జతలు పూర్తయ్యేవి. ఆ చేతి నేర్పు యంత్రానికి ఎన్నటికీ రాదని అచ్చు పనివారి దృఢ విశ్వాసం. వారి విశ్వాసం నిరాధారమైనది కాదు. అంతకుముందు పలువురు అందుకై యంత్రాలు నిర్మించి విఫలులయ్యారు.

మాట్సెలిగర్ వారితో వాదానికి దిగలేదు. పగలు పని చేస్తూనే అచ్చు పనివారి చేతుల కదలికలను కన్నార్పక చూశాడు. రాత్రి పాఠశాలలో ఆంగ్లం నేర్చి, భౌతిక శాస్త్రం, యంత్ర శాస్త్రం గ్రంథాలు సంపాదించి చదువుకొన్నాడు. చౌక గదిలో నివసించి, గంజి వంటి తిండితో సరిపెట్టుకొని, మిగిలిన ప్రతి నాణెమూ ప్రయోగాలకు వెచ్చించాడు. ఆయన తొలి నమూనా చుట్టల పెట్టె చెక్కలతో, తీగలతో, మేకులతో తయారైనది. దానిని చూసిన ఒకరు 50 డాలర్లిస్తామన్నారు, ఆయన అంగీకరించలేదు. తరువాత పాత ఇనుప సామాను ఏరి తెచ్చి లోహంతో మరొక నమూనా చేశాడు. దానిలోని ఒక భాగానికి మాత్రమే 1,500 డాలర్లు ఇవ్వజూపినా ఆయన చలించలేదు. అర్ధాకలితో ఉన్నవానికి అది చిన్న మొత్తం కాదు. సగం పూర్తయిన ఆలోచనను అమ్ముకొంటే మిగిలిన సగం తనది కాకుండా పోతుందని ఆయన గ్రహించి ఉండాలి.

అయినా పెట్టుబడి లేనిదే పెద్ద యంత్రం నిలబడదు. ఇద్దరు స్థానికులు ధనం సమకూర్చారు. ప్రతిఫలంగా మూడింట రెండు వంతుల హక్కు వారిదయింది. ఆయన పంపిన చిత్రపటాలు ఎంత జటిలంగా ఉన్నవంటే, అధికారులకు నమ్మకం కుదరక, ఒకరు స్వయంగా లిన్ వచ్చి యంత్రం పనిచేయడం కన్నులారా చూచిపోయారు. 1883 మార్చి 20న 274,207 సంఖ్యతో పేటెంటు మంజూరయింది. 1885 మే 29న కర్మాగారంలో జరిగిన బహిరంగ పరీక్షలో ఆ యంత్రం 75 జతల స్త్రీల పాదరక్షలను అచ్చుపై బిగించింది. తోలును పట్టుకొనడం, లాగడం, మడతలు వేయడం, మేకు దిగగొట్టడం, పూర్తయిన జోడును వదలడం, అన్నీ చేతి కదలికల క్రమంలోనే సాగాయి. మనిషి చేతిని అంత శ్రద్ధగా చదివినవాడు గనుకనే దానిని ఇనుములో వ్రాయగలిగాడు. క్రమంగా ఆ యంత్రం రోజుకు 150 మొదలు 700 జతల వరకు బిగించగల స్థితికి వచ్చింది.

ఈ విజయ గాథలో ఒక చేదు ఉన్నది. దానిని దాచడం న్యాయం కాదు. క్రైస్తవుడైన మాట్సెలిగర్ లిన్ పట్టణంలో ఒకటి తరువాత ఒకటిగా పలు చర్చిలలో సభ్యత్వం కోరాడు. నల్లవాడన్న కారణంతో అవి ఆయనను చేర్చుకోలేదు. చివరకు నార్త్ కాంగ్రిగేషనల్ చర్చికి చెందిన యువజనులు ఆయనను తమవానిగా ఆదరించారు. ఆయన వారికి పాఠాలు చెప్పాడు, చిత్రలేఖనం నేర్పాడు, తాను వేసిన చిత్రాలు మిత్రులకు కానుకగా ఇచ్చాడు. అవమానించిన వారిని తిరిగి అవమానించే ప్రయత్నం ఆయన జీవితంలో మాకు కనిపించదు.

1886లో పట్టిన జలుబు క్షయగా పరిణమించింది. మూడేళ్ళ పాటు శయ్యపై ఉండి కూడా ఆయన చిత్రాలు గీయడం, యంత్రాన్ని మెరుగుపరచే ఆలోచనలు చేయడం మానలేదు. 1889 ఆగస్టు 24న, ముప్పైయేడవ జన్మదినానికి మూడు వారాల ముందు, లిన్ పట్టణంలో కన్నుమూశాడు. మేకులను అందించే సాధనాలకు, మెరుగైన అచ్చు యంత్రానికి ఆయన పేర కొన్ని పేటెంట్లు మరణానంతరం వెలువడినవి. తన వాటాలలో కొంత భాగాన్ని తనను ఆదరించిన చర్చికి వ్రాసి ఇచ్చాడు. కాలక్రమంలో ఆ వాటాల విలువ పెరిగి, 1904లో ఆ సంస్థ ఋణ విముక్తి పొందడానికి తోడ్పడింది. తలుపు తెరచిన వారిని ఆయన మరచిపోలేదు.

ఆయన యంత్రం వల్ల కలిగిన మేలు, కీడు రెండూ మనం తూచి చూడాలి. జోళ్ళ ధర తగ్గింది. పేదవాని కాలికి కూడా మంచి జోడు అందింది. అదే సమయంలో చేతి నేర్పుమీద గౌరవంగా బ్రతికిన అచ్చు పనివారి పట్టు సడలింది. ఇక లాభంలో సింహభాగం ఎవరిది? 1899లో పలు సంస్థలు ఏకమై యునైటెడ్ షూ మెషినరీ కంపెనీ ఏర్పడింది. అది తన ముఖ్య యంత్రాలను కర్మాగారాలకు అమ్మక, అద్దెకిచ్చి, మరమ్మతు కూడా తన అధీనంలోనే ఉంచుకొన్నది. ఆ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని అమెరికా న్యాయస్థానం తీర్పు చెప్పినది 1953లో. యంత్రం ఎవని చేతిలో ఉన్నది, దానిని విప్పి బాగుచేసే విద్య ఎవనికి తెలుసు అనే ప్రశ్నలు ఎంత ముఖ్యమైనవో దీనివల్ల తెలుస్తున్నది. తన యంత్రాన్ని తాను బాగుచేసుకోలేని పనివాడు సగం పరాధీనుడే.

చాలా కాలం మరుగున పడిన ఆయన కీర్తి ఆలస్యంగానైనా వెలుగు చూచింది. 1984లో లిన్ పట్టణంలోని ఒక వంతెనకు ఆయన పేరు పెట్టారు. 1991లో అమెరికా తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది.

విద్యార్థులారా! చేతిపనిని చదువుకంటె తక్కువగా చూచే అలవాటు మన సమాజంలో ఇంకా పోలేదు. తోలుపని విషయంలో ఆ చిన్నచూపు మరీ ఎక్కువ. తోలు ముట్టినవానిని దూరంగా ఉంచి, వాడు కుట్టిన జోడును మాత్రం కాలికి తొడుక్కొన్న సమాజం మనది. మాట్సెలిగర్‌ను సైతం అటువంటి తూకంలోనే తూచారు. ఆయన చేతిపనిని గ్రంథంవలె చదివాడు. గ్రంథాన్ని పనిముట్టువలె వాడుకొన్నాడు. పని ఎక్కడ ఆగుతున్నదో చూడడం, అక్కడ చేయి చేసేది ఏమిటో తెలుసుకోవడం, ఆ తరువాతనే యంత్రం మాట ఎత్తడం, ఇదీ ఆయన అనుసరించిన క్రమం. మీలో కొందరు రేపు యంత్రాల మధ్య జీవించబోతున్నారు. ఏ యంత్రాన్ని ముట్టుకొనే ముందైనా, అది ఎవరి చేతి పనిని అనుకరిస్తున్నదో ఆ చేతిని ఒకసారి గౌరవంతో చూడండని మేము కోరుతున్నాము.