పదవి కోరని మంత్రాంగము: జాన్ మొనే జీవితము

రాజ్యమును నడుపువారికి వర్తకుని లెక్క తెలియదు. వర్తకునకు రాజ్యభారము తెలియదు. ఈ యిరువురి నడుమ నిలిచి యుభయులకును ఆలోచన చెప్పి కార్యము నెరవేర్పించువారు లోకమున మిక్కిలి యరుదు. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ మొనే యట్టివారిలో నగ్రగణ్యుడు. ప్రజల యోట్లచే నేపదవికిని ఎన్నడును ఎన్నికకాని యీతని యాలోచనను పెక్కు ప్రభుత్వములు శిరసావహించినవి. ఇది యెట్లు సాధ్యమయ్యె నను ప్రశ్న విచారింపదగినది.

మొనే 1888వ సంవత్సరము నవంబరు 9వ తేదీని కాన్యాక్ పట్టణమున బ్రాందీ వర్తకుల యింట జన్మించెను. పదునారవ యేట చదువు చాలించి, లండను నగరమున వర్తకము నేర్చి, తండ్రి సరుకు నమ్ముటకై కెనడా మున్నగు దేశములు తిరిగెను. నమ్మిక లేనిచోట బేరము నిలువదను పాఠము నాతడు బడిలోగాక బజారులో నేర్చెను.

1914లో మహాయుద్ధము ప్రారంభమయ్యెను. బ్రిటను, ఫ్రాన్సు దేశములు మిత్రులయ్యును సరుకులకును ఓడలకును వేర్వేరుగా పోటీపడుచుండెను. ఇది నష్టహేతువని గ్రహించి, యిరువదియైదేండ్ల మొనే బోర్డో నగరమున ప్రధానమంత్రి వివియానీని దర్శించి, ఉభయుల కొనుబడి నేకము చేయవలెనని విన్నవించెను. 1916లో గోధుమల కొనుబడికిని, పిమ్మట నోడల పంపకమునకును ఏర్పడిన ఉమ్మడి సంఘములలో నతడు ముఖ్యుడై పనిచేసెను. యుద్ధానంతరము నానాజాతి సమితికి ఉపప్రధాన కార్యదర్శియై, 1923లో కుటుంబ వర్తకము దెబ్బతినగా దానిని నిలుపుటకై యా పదవిని విడిచెను.

తరువాత పోలండు, రుమేనియా దేశముల నాణెములను స్థిరపఱచు ఋణముల విషయమున బ్యాంకరుగా పాటుపడెను. అమెరికా ధనమార్కెట్టు పతనమున తన యార్జన చాలవఱకు పోగొట్టుకొనెను. 1934లో చైనాలో రైలుమార్గములు మున్నగు పనులకు స్వదేశ విదేశ మూలధనమును సమకూర్చు సంస్థను స్థాపించుటలో తోడ్పడెను.

రెండవ మహాయుద్ధమున నాతని నేర్పు పరాకాష్ఠ నందెను. 1940లో ఫ్రాన్సు పతనమైన పిదప నీ ఫ్రెంచివాడు బ్రిటిషు ప్రభుత్వోద్యోగియై వాషింగ్టను చేరెను. అతని యుపాయము వర్తకుని చిట్టాయే: మిత్రపక్షమునకు కావలసిన విమానము లెన్ని, టాంకు లెన్ని, ఉన్న వెన్ని, కొఱత యెంత యని యొకే పట్టికలో వ్రాసి యధికారుల యెదుట నుంచుట. వాదమునకు లొంగనివారు లెక్కకు లొంగిరి.

1946లో ఫ్రాన్సు పునర్నిర్మాణ ప్రణాళికకు అధిపతియై, అధికారులను, పారిశ్రామికులను, కార్మిక ప్రతినిధులను, వ్యవసాయదారులను ఒకే బల్లచుట్టు కూర్చుండబెట్టెను. ఫ్రాన్సు, జర్మనీల వైరమునకు బొగ్గు, ఉక్కు మూలబలమని యెఱిగి, వానిని ఉమ్మడి యధికారము క్రిందికి తేవలెనను పథకమును రచించెను. విదేశాంగమంత్రి షూమన్ 1950 మే 9న దానిని ప్రకటించెను. 1951లో ఆరు దేశములు పారిసులో ఒడంబడిక చేసికొనినవి. 1952 నుండి 1955 వఱకు మొనే యా సంస్థకు ప్రథమాధ్యక్షుడు. నేటి ఐరోపా సమాఖ్యకు పునాది యదియే.

అయినను ఒక సందేహము నిలిచియున్నది. ప్రజలచే నెన్నుకొనబడని నిపుణుడు ప్రజల భవిష్యత్తును నిర్ణయింపవచ్చునా? ద గాల్ వంటివారు ఇట్టి సంస్థలకు జాతి సార్వభౌమత్వమును ఒప్పగింపరాదని గట్టిగా ప్రతిఘటించిరి. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. మొనే పనులను తెరవెనుక సమకూర్చి కీర్తిని మంత్రులకు విడిచెను. కాని తెరవెనుక జరిగినదానికి లెక్క చెప్పించుకొను హక్కు ప్రజలకుండవలెను గదా. ఆలోచన చెప్పుట నిపుణుని ధర్మము. అంగీకరించుటయు నిరాకరించుటయు ప్రజల యధికారము.

మొనే 1979 మార్చి 16న మరణించెను. తొమ్మిది దేశముల ప్రజలు తమ యోట్లతో ఐరోపా శాసనసభను ప్రత్యక్షముగా నెన్నుకొనుట యా సంవత్సరము జూను మాసముననే మొదటిసారి జరిగెను. ఆతడు కట్టిన యింటికి వాకిలి తెఱచినవారు ప్రజలు.