కుడికాలు వాడొద్దన్న మాస్టారు

1962 సెప్టెంబర్ 4. జకార్తాలోని సెనయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో దక్షిణ కొరియాతో భారత్ తలపడుతోంది. స్టేడియం మొత్తం కొరియా వైపే. ఆ కోపానికి ఆటతో సంబంధం లేదు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలివ్వలేదు. ఆసియా క్రీడల సమాఖ్యలో కీలకమైన భారతీయుడు గురుదత్ సోంధి దాన్ని బాహాటంగా తప్పుపట్టారు. దాంతో భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది, సోంధి దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ వేడంతా మైదానంలో ఉన్న పదకొండు మంది మీద పడింది. పైగా టోర్నీ మొదటి మ్యాచ్‌లో ఇదే కొరియా చేతిలో 0-2తో ఓడిపోయిన జట్టు అది.

మైదానం బయట 53 ఏళ్ల హైదరాబాదీ స్కూల్ టీచర్ ఒకరు దగ్గుతూ కూర్చున్నారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం, ఆటగాళ్లకు రహీం సాబ్.

‘మైదాన్’ సినిమా వచ్చాక ఆ పేరు కొత్త తరానికీ తెలిసింది. ఫైనల్ ముందు రాత్రి ప్రసంగం, కన్నీళ్లు, గెలుపు సినిమాకు బాగా కుదిరాయి. కానీ లక్ష మంది అరుస్తుంటే కాళ్లు తడబడకుండా ఉండటం ఒక్క రాత్రి మాటలతో వచ్చేది కాదు. దాని వెనుక పన్నెండేళ్ల పని ఉంది, అది సినిమాకు పనికొచ్చేంత ఆసక్తికరమైనది కాదు.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం ఉస్మానియాలో చదివారు. స్థానిక క్లబ్బుల్లో ఆడారు, కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతాల బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. ఆ ఏడు నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. కలకత్తా క్లబ్బుల రాజ్యంలో అది చిన్న విషయం కాదు.

ఆయన పద్ధతి వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. బంతిని ఒక్కసారే తాకాలన్న నియమంతో టోర్నీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ అసలు చేయకూడదన్నవి కొన్ని. బలహీనమైన కాలితోనే ఆడాలన్నవి మరికొన్ని. కుడికాలి వాటం ఆటగాడు మ్యాచ్ మొత్తం ఎడమకాలితో ఆడాల్సిందే.

ఒక్క తాకుడు నియమంలో ఆటగాడికి ఆలోచించుకునే టైమ్ దొరకదు. బంతి రాకముందే ఎవరికివ్వాలో నిర్ణయం అయిపోవాలి. ఒత్తిడి చేసేదీ అదే, టైమ్‌ను లాగేసుకోవడం. రోజూ ప్రాక్టీసులో ఆ టైమ్ లేకుండా ఆడినవాడికి, పెద్ద మ్యాచ్‌లో అది లేకపోవడం కొత్తగా అనిపించదు. బలహీనమైన కాలికీ అంతే. వాటంగా ఉన్న కాలిని ప్రత్యర్థి మూసేసినప్పుడు కంగారు పుట్టకుండా ఉండాలంటే రెండో కాలిపై నమ్మకం ఉండాలి. స్పోర్ట్స్ సైకాలజిస్ట్ అనే ఉద్యోగం మన జట్ల దరిదాపుల్లోకి రాని రోజులవి. రహీం మనసుకు శిక్షణ ఇచ్చింది కాళ్ల ద్వారా అని నాకనిపిస్తుంది.

ఆయనకూ దెబ్బలు తగిలాయి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టే మరుసటి ఏడాది హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరడం మన ఫుట్‌బాల్ చరిత్రలోనే పెద్ద రోజు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టారు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. మొదట గోల్ చేసింది మనమే. రెండు నిమిషాల్లో స్కోరు సమమైంది, చివరికి 1-4తో ఓడాం. ఆధిక్యం సంపాదించడం, దాన్ని నిలబెట్టుకోవడం వేర్వేరు విద్యలని ఆ మ్యాచ్ చూపించింది.

ఆటగాళ్లను వెతికి పట్టుకోవడంలోనూ ఆయనది టీచర్ కన్నే. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఆడుకుంటున్న తులసీదాస్ బలరాం ఆయన కంట పడ్డాడు. ప్రాక్టీసుకు హైదరాబాద్ రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె రహీమే ఇచ్చారు. ఆ కుర్రాడే తర్వాత పీకే బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిసి దేశం మరిచిపోని త్రయమయ్యాడు.

జకార్తాలో పరిస్థితి మరీ ఇరుకు. స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు థాయిలాండ్‌తో మ్యాచ్‌లో దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టాల్సింది పోయి, రహీం సెమీస్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. జర్నైల్ గోల్ కొట్టారు, దక్షిణ వియత్నాంపై 3-2తో గట్టెక్కాం. ఫైనల్‌కు గోల్‌కీపర్‌నూ మార్చారు. అప్పటిదాకా ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ను తప్పించి, జ్వరం నుంచి కోలుకుంటున్న పీటర్ తంగరాజ్‌ను నిలబెట్టారు. ఓడిపోయి ఉంటే ఈ రెండు నిర్ణయాలనూ పిచ్చితనమనే అనేవాళ్లం.

ముందు రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదని ఆటగాళ్లు తర్వాత చెప్పారు. రహీం వాళ్లను వెంటబెట్టుకుని నడిచారట. వ్యూహం గురించి మాట్లాడలేదు. రేపు తనకో కానుక కావాలని, అది స్వర్ణమని మాత్రం అడిగారు. ఆయన ఆరోగ్యం బాగాలేదని వాళ్లు చూస్తూనే ఉన్నారు.

మర్నాడు 17వ నిమిషంలో పీకే, 20వ నిమిషంలో కుట్లతోనే జర్నైల్ గోల్స్ కొట్టారు. మెల్‌బోర్న్‌లో రెండు నిమిషాల్లో చేజారిన ఆధిక్యం ఈసారి గంటకు పైగా నిలిచింది. చివర్లో కొరియా ఒక గోల్ వేసినా ఫలితం మారలేదు. 2-1. స్టేడియంలో మనకోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లూ ఉన్నారు.

రహీం సాబ్‌ది ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. పద్మ పురస్కారమేదీ ఆయనకు దక్కలేదు. ఆ తర్వాత భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు, ఆసియా క్రీడల స్వర్ణమూ గెలవలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే ఆసియా క్రీడల్లో చివరి పతకం. ఆ జట్టు కోచ్‌లలో ఒకరు జకార్తాలో మొదటి గోల్ కొట్టిన పీకే బెనర్జీ.