మైకేల్ ఫారడే

పాత కంప్యూటరు నొకదానిని విప్పి, అందలి హార్డు డిస్కును మాకు చూపిన దినమున, అద్దమువలె మెరయు బిళ్లపై వంగియున్న సన్నని చేతిని చూచి గ్రామఫోను ముల్లని నవ్వితిమి. విద్యుత్తుచే వస్తువును ఎడతెగక కదలింపవచ్చునని మొదట చూపిన మహనీయుని చరిత్రమును చదువరులకు విన్నవించుచున్నాము.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఇంగ్లండులో, కమ్మరి యింట జన్మించెను. 14వ యేట పుస్తకములకు అట్టలు కట్టువాని కడ పనికి కుదిరి, కట్టుటకు వచ్చిన పుస్తకములనే చదివెను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములు విని, వ్రాసికొన్నదానిని తానే అట్టకట్టి ఆయనకు పంపెను. మరుసటి యేడు రాయల్ ఇన్‌స్టిట్యూషనున ఆయనకు సహాయకుడయ్యెను.

1821 సెప్టెంబరులో ఫారడే పాదరసపు గిన్నెలో అయస్కాంతమును నిలిపి, పైనుండి వ్రేలాడు తీగలోనికి విద్యుత్తును పంపెను. తీగ అయస్కాంతము చుట్టును తిరిగెను! ఈ ప్రయోగమే ఆయనకు అపవాదును తెచ్చెను. వొలాస్టన్ అను పెద్ద పండితుడు, తీగ తన యిరుసుమీద తానే తిరుగునని తలచి, డేవీతో కలిసి అంతకుముందే యత్నించి విఫలుడై యుండెను. ఫారడే తన వ్యాసమున ఆయన పేరెత్తకపోవుటచే, భావమును దొంగిలించెనను మాట పుట్టెను. తరువాత రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఆయన పేరు రాగా, అధ్యక్షుడైన డేవీయే అడ్డుపడెను. అయినను 1824లో ఫారడే ఎన్నికయ్యెను. పేరెత్తకపోవుట పొరపాటే యని మా యభిప్రాయము; కాని తీగను తిరుగజేసినవాడు ఆయనయే గదా.

అయస్కాంతమును తీగచుట్టలో కదల్చిన విద్యుత్తు పుట్టునని 1831లో కనుగొనెను. సర్ బిరుదమును వలదనెను. బాలుర కొరకు క్రిస్టమస్ ఉపన్యాసములను 19 పర్యాయములు ఇచ్చెను. 1867 ఆగస్టు 25న మరణించెను.

ఇక ఆ చేతి సంగతి. 1956లో వచ్చిన తొలి డిస్కు యంత్రమున 24 అంగుళముల బిళ్లలు 50 ఉండెను. వాని నడుమ చేతిని మోటారు పైకి క్రిందికి లాగుచుండగా, కావలసిన చోటు చేరుటకు సెకండులో సగముకంటె ఎక్కువ పట్టెడిది. తరువాతి యంత్రములలో చేతి తుదను తీగచుట్టయు, దానిని ఆనుకొని బలమైన అయస్కాంతములును అమర్చిరి. విద్యుత్తు ఒకవైపు పారిన చేయి లోపలికి, ఎదురుగా పారిన వెలుపలికి పోవును. సెకండులో నూరవవంతు చాలును. చేయి బరువైనచో ఆగిన పిదపను వణకును గనుక తేలికగా చేయుదురు. పెడనలో కలంకారీ అద్దకపువాడు ముందటి అచ్చు అంచును చూచి తరువాతి అచ్చును ఒత్తునట్లు, బిళ్లపై ముందే వ్రాసియుంచిన గుర్తులను చదువుచు అది తన దారిని సరిదిద్దుకొనును.

నడుమ కరెంటు పోయినచో? బందరులోను, దివిసీమలోను గాలివానకు అది మనకు క్రొత్త గాదు. చేయి బిళ్లపై పడిన వ్రాత చెడిపోవును. అయితే బిళ్ల వెంటనే ఆగదు. ఆ తిరుగుడు మోటారునుండి 1831 నాటి సూత్రముచే కొంచెము విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు 1821 నాటి సూత్రముచే చేతిని నెట్టి, వ్రాత లేని చోటికి చేర్చును. పిదప బిళ్ల ఆగును.